పాత కన్సోల్ కొంటున్నారా? ముందు రిపేరు చేసేవాణ్ణి వెతకండి!

ఈ వారం శీర్షిక మొత్తం ఒకే ఒక్క ఉత్తరానికి ఇచ్చేస్తున్నాను. ఏ హీరోకి పారితోషికం ఎంత, ఏ హీరోయిన్‌ది ఏ ఊరు అని అడిగిన మిత్రులు ఒక్క వారం ఓపిక పట్టాలి. ఎందుకంటే ఈ ఉత్తరం వెనకాల ఒక ఇంటి డబ్బుంది.

రాసింది గోదావరి జిల్లా కుర్రాడు. పేరు వెయ్యొద్దన్నాడు, వెయ్యను. నలుగురు స్నేహితులతో కలిసి ఆర్కెస్ట్రా నడుపుతున్నాడు. పెళ్లిళ్లు, జాతరలు, వినాయక చవితి పందిళ్లు, కాలేజీ వార్షికోత్సవాలు... ఏడాదిలో సగం రాత్రులు వ్యాను మీదే. మిగిలిన సగం మేడమీద గదిలో. ఆ గదిలో కంప్యూటరు పెట్టుకుని షార్ట్ ఫిలిములకి పాటలు రికార్డు చేస్తాడు. సినిమా సంగీత దర్శకుడు కావాలని కోరిక. ఇంతవరకూ బాగానే ఉంది.

ఇప్పుడు చెన్నైలో ఎవరో 32 ఛానెళ్ల పాత ఎనలాగ్ కన్సోల్ అమ్మజూపుతున్నారట. 1970లనాటి విదేశీ సరుకట. అది కొంటే పాత రికార్డుల్లో వినిపించే నిండుదనం తన పాటలకీ వస్తుందట. ఇంట్లో రికార్డింగుకీ, బయట ప్రోగ్రాములకీ రెండింటికీ వాడుకోవచ్చట. ఇన్ని 'అట'ల మధ్య నికరంగా ఉన్నది ఒక్కటే: వాళ్ల నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు. ఆయన ఇస్తానన్నారు. కొనమంటారా, వద్దంటారా, మీరు చెప్పినట్టే చేస్తాను అంటూ ముగించి, మోయలేని బరువు నా నెత్తిన పెట్టాడు!

నా జవాబు దాచిపెట్టి చివరిదాకా ఊరించను. ఏ కన్సోల్ కొనాలి అన్న ప్రశ్నకి ముందు ఇంకో ప్రశ్న ఉంది. అది చెడిపోతే బాగుచేసేదెవరు? ఆ మనిషి దొరికిన రోజే కన్సోల్ మాట ఎత్తాలి. ఎందుకో చెబుతాను. మీలో చాలామంది ఎప్పటికీ కన్సోల్ కొనరు. అయినా వినండి. పాట వినే చెవి ఉన్న ప్రతివాడికీ పనికొచ్చే సంగతులే.

అసలు అది చేసే పనేమిటి?

సినిమాల్లో స్టూడియో సీను చూసే ఉంటారు. అద్దానికి ఇవతల హెడ్‌ఫోన్లు తగిలించుకున్న ఇంజనీరు. ఆయన ముందు మంచమంత యంత్రం. దాన్నిండా వందలకొద్దీ మీటలు, గుండ్రటి నాబులు. అదే మిక్సింగ్ కన్సోల్. మన ఊళ్లో మైకుసెట్టువాళ్లు మిక్సరు అంటారు. పేరేదైనా పని ఒకటే.

ఆ నాబుల అడవిని చూసి హడలిపోనక్కర్లేదు. ఒక్క నిలువు వరస అర్థమైతే మొత్తం అర్థమైనట్టే. ఆ వరసని ఛానెల్ అంటారు. 32 ఛానెళ్లంటే అదే వరస 32 సార్లు, అంతే.

గాయని మైకు ముందు పాడుతుంది. మైకులోంచి వచ్చే కరెంటు ఎంతనుకున్నారు? వోల్టులో వెయ్యోవంతు, కాస్త అటూ ఇటూ. దాన్ని వెయ్యి రెట్లు పెంచితే తప్ప ఎందుకూ కొరగాదు. ఛానెల్ నెత్తిమీద ఉండే ప్రీయాంప్ చేసేది ఆ పనే. దాని కింద ఈక్వలైజర్, అంటే ట్రెబుల్, బేస్ సరిచేసే నాబులు. దాని కింద 'ఆక్స్' నాబులు. ఈ గొంతులో కొంచెం ఎకోకి, కొంచెం గాయని చెవిలోని హెడ్‌ఫోనుకి పంపే పక్కదారులవి. అన్నింటికీ అడుగున పైకీ కిందకీ జారే మీట, దాని పేరు ఫేడర్. పిల్లకాలవలన్నీ చివరికి ఒకే చెరువులో కలిసినట్టు గొంతులూ, వయొలిన్లూ, తబలాలూ, గిటార్లూ అన్నీ చివరికి ఎడమ, కుడి అనే రెండు దారుల్లో కలుస్తాయి.

డిజిటల్ మిక్సరులో శబ్దాన్ని ముందు అంకెలుగా మార్చి, లెక్కలు కట్టి, మళ్లీ శబ్దంగా మారుస్తారు. ఎనలాగ్‌లో అంకెల ఊసే లేదు. మైకులో పుట్టిన కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లూ ట్రాన్సిస్టర్లూ దాటుకుంటూ కరెంటుగానే చివరిదాకా నడుస్తుంది. దారిలో ప్రతి భాగమూ దానికి తన రంగు కొద్దిగా పూస్తుంది. నాసిరకం భాగాలైతే ఆ పూత మురికిలా వినిపిస్తుంది. మంచి భాగాలైతే గొంతుకి ఒక ఒళ్లు వస్తుంది. పాత కన్సోళ్ల మీద ఇంత మోజు ఆ ఒళ్లు కోసమే.

18 లక్షల డాలర్ల కన్సోల్!

ఈ మోజుకి పెద్ద చరిత్రే ఉంది. లండన్‌లోని అబే రోడ్ స్టూడియోకి ఈ.ఎం.ఐ. కంపెనీ ఇంజనీర్లు సొంతంగా కన్సోళ్లు తయారు చేసుకునేవారు. 1960లలో బీటిల్స్ పాటలు చాలావరకు వాల్వులతో నడిచే కన్సోళ్ల మీద రికార్డయ్యాయి. 1968లో ట్రాన్సిస్టర్లతో 'టీజీ 12345' అనే కొత్త కన్సోల్ వచ్చింది. 1969నాటి 'అబే రోడ్' ఆల్బం దాని మీద చేసిందే. అంతకు ముందు ఆల్బముల పక్కన పెట్టి వినండి, ఇది మెత్తగా, గుండ్రంగా వినిపిస్తుంది. అదే వంశంలో తర్వాత వచ్చిన ఒక కన్సోల్ మీద పింక్ ఫ్లాయిడ్ బృందం 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' (1973) రికార్డు చేసింది. ఆ కన్సోల్‌ని 2017లో న్యూయార్కులో వేలం వేస్తే 18 లక్షల డాలర్లు పలికింది!

ఇంగ్లండులోనే రూపర్ట్ నీవ్ (1926-2021) అనే మహానుభావుడు ఉండేవారు. 1970లో ఆయన కంపెనీ '1073' అనే ఛానెల్ తయారు చేసింది. శబ్దం లోపలికి వచ్చేచోట ఒక ట్రాన్స్‌ఫార్మరు, బయటికి పోయేచోట ఇంకొకటి. ప్రీయాంపూ, మూడు నాబుల ఈక్వలైజరూ అందులోనే. యాభై ఏళ్లు దాటినా ఆ పేరు చెబితే ఇంజనీర్ల కళ్లు మెరుస్తాయి.

అమెరికాలో లాస్ ఏంజిలస్ దగ్గర వాన్ నైస్‌లో సౌండ్ సిటీ అనే స్టూడియో 1973లో నీవ్ 8028 కన్సోల్ కొంది. అప్పట్లోనే దాదాపు 75 వేల డాలర్లు. 1975లో ఫ్లీట్‌వుడ్ మ్యాక్ ఆల్బం, 1991లో నిర్వాణా వాళ్ల 'నెవర్‌మైండ్' దాని మీదే రికార్డయ్యాయి. 2011లో ఆ స్టూడియో మూతపడితే, నిర్వాణాలో డ్రమ్ములు వాయించిన డేవ్ గ్రోల్ ఆ కన్సోల్‌ని కొని సొంత స్టూడియోకి తీసుకుపోయాడు. అంతటితో ఊరుకోక 2013లో దాని మీద డాక్యుమెంటరీ సినిమా కూడా తీశాడు! ఒక యంత్రం మీద రెండు గంటలకు దగ్గరగా సినిమా అంటే మాటలా?

ఇక 1980లలో రాజ్యమేలింది సాలిడ్ స్టేట్ లాజిక్ కంపెనీ వారి 4000 వరస. దాని గొప్ప వేరు. ప్రతి ఛానెల్‌కీ సొంత కంప్రెసర్ ఉంటుంది. అరుపునీ గుసగుసనీ దగ్గరికి తెచ్చే పరికరమది. పైగా పాట మధ్యలో ఇంజనీరు ఫేడర్లని ఎలా కదిపాడో కంప్యూటరు గుర్తుపెట్టుకుంటుంది. నీవ్‌ది మీగడ కట్టిన శబ్దం అయితే దీనిది చురుకైన శబ్దం. అంటే 'పాత ఎనలాగ్ శబ్దం' అని ఒకటి లేదన్నమాట. ఒక్కో ఇంటిది ఒక్కో చేతివంట.

అయితే ఇక్కడో కిటుకు గమనించాలి. 'నెవర్‌మైండ్' రికార్డయింది సౌండ్ సిటీలో. ఆఖరి మిక్సింగ్ మాత్రం వేరే స్టూడియోలో, వేరే కన్సోల్ మీద జరిగింది. పైగా సౌండ్ సిటీలో డ్రమ్ములు అలా మోగడానికి కన్సోల్ ఎంత కారణమో ఆ గది కూడా అంత కారణం. ఆ భవనం ఒకప్పుడు వాక్స్ ఆంప్లిఫయర్ల ఫ్యాక్టరీ! ఆ గదిలో డ్రమ్ములు మోగినట్టు మరోచోట మోగవని డేవ్ గ్రోల్ లాంటివాళ్లే ఒప్పుకుంటారు. కన్సోల్‌ని లారీ ఎక్కించి తేవచ్చు, గదిని తేలేం కదా.

మన పాత పాటల నిండుదనం ఎక్కడిది?

మన తమ్ముడు కోరుకుంటున్నది మన పాత పాటల నిండుదనం. కాబట్టి ఒక్కసారి మద్రాసు రోజుల్లోకి తొంగిచూద్దాం. అప్పట్లో గాయకులూ వాద్యబృందమూ ఒకేసారి, ఒకేచోట పాడేవారు, వాయించేవారు. ఫ్లూట్ ఆయన ఒక్క స్వరం తప్పినా పల్లవి నుంచి మళ్లీ మొదలు. అందుకని రిహార్సల్ మీద రిహార్సల్. 1957లో 'మాయాబజార్' పాటలు వచ్చేనాటికి 24 ట్రాకుల రికార్డింగు అన్న మాటే ప్రపంచంలో లేదు. ఉన్న కొద్ది మైకుల్ని ఎవరికెంత దూరంలో పెట్టాలో తెలిసిన రికార్డిస్టు చెవే అసలు మిక్సరు. ఘంటసాల మాస్టారి గొంతులోని గాంభీర్యం ఏ కన్సోల్ పెట్టిన భిక్ష కాదు.

నేను చూసిన ఒక స్టూడియో సంగతి చెబుతాను. పేరెందుకు లెండి. నడి గదిలో తళతళలాడే పెద్ద పాత కన్సోల్. వచ్చిన ప్రతి నిర్మాతా దాని పక్కన నిలబడి ఫొటో దిగుతాడు. పనంతా పక్కనున్న కంప్యూటరులో అవుతుంది. ఇదేమిటండీ అంటే, సగం ఛానెళ్లు పలకడం లేదు, చేసేవాడు దొరకడం లేదు అన్నారు. పెద్ద కన్సోల్ కాస్తా పూలకుండీల బల్లయింది. ఆ పరిస్థితి ఒక రిటైర్డు ఉద్యోగి ఇంట్లో రాకూడదనే నా బాధ.

స్టూడియోకి ఒకటి, స్టేజీకి ఒకటి

రెండింటికీ ఒకటే వాడుకోవచ్చన్నది అమ్మేవాడి మాట. రెండు పడవల ప్రయాణం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా?

రికార్డింగుకి కావలసింది ఏమిటి? ప్రతి ఛానెల్‌లోని శబ్దం దేనికది విడిగా బయటికి రావాలి, కంప్యూటరులో విడివిడిగా ఎక్కాలి. ఎక్కింది మళ్లీ వెనక్కి వచ్చి వినపడాలి. వినిపించేటప్పుడే గాయని కొత్త గొంతు పాడాలి. అంటే పోయే దారులూ వచ్చే దారులూ రెండూ ఉండాలి. కొన్ని కన్సోళ్లలో వచ్చే దారికి పక్కన వేరే భాగమే ఉంటుంది. కొన్నింటిలో ఒకే ఛానెల్‌లో రెండు దారులూ ఇమిడి ఉంటాయి. మొదటి రకం నేర్చుకోవడం తేలిక, జాగా ఎక్కువ తింటుంది. రెండో రకం జాగా తక్కువ, బుర్ర ఎక్కువ తింటుంది!

స్టేజీ సంగతి వేరు. అక్కడ ముఖ్యం 'ఆక్స్' దారులు. పాడేవాడికి తన గొంతు, కీబోర్డు ఆయనకి రిథమ్, డ్రమ్మరుకి బేస్ గిటారు, ఎవరి మానిటర్ బాక్సులో వాళ్లకి కావలసింది వినిపించాలి. నాలుగు దారులున్న స్టూడియో కన్సోల్ అక్కడ చేతులెత్తేస్తుంది. రెండోది మొరటుదనం. గోతుల రోడ్డు మీద వ్యానులో కుదుపులు తినాలి, దుమ్ము తినాలి, అర్ధరాత్రి మంచులో తడవాలి. స్టూడియోలో ఏసీ కింద ముప్పై ఏళ్లు పెరిగిన కన్సోల్‌ని జాతరకి తీసుకెళ్లడం అంటే ముసలి తాతగారిని కబడ్డీ ఆడమన్నట్టే.

రోడ్డు మీద తిరగడానికే పుట్టినవి ఉన్నాయి. 1973లో సౌండ్‌క్రాఫ్ట్ కంపెనీ తన మొదటి కన్సోల్‌ని ఏకంగా ప్రయాణపు పెట్టెలోనే బిగించి అమ్మింది. మూత వేస్తే పెట్టె, మూత తీస్తే మిక్సరు! ఆ కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకాయన లెడ్ జెప్లిన్ కచేరీలకి సౌండ్ చూసినవాడు. రోడ్డు కష్టం తెలిసినవాడు కాబట్టే ఆ ఆలోచన వచ్చింది. 1974లో యమహా పీఎం-1000 వచ్చింది. ఆ తర్వాత పీఎం-3000, పీఎం-4000 వగైరాలు, మైడాస్ వారి ఎక్స్ఎల్-4 పెద్ద పెద్ద కచేరీల్లో ఏళ్ల తరబడి చాకిరీ చేశాయి.

2000 తర్వాత స్టేజీ మీదకి డిజిటల్ వచ్చి వీటిని పక్కకి నెట్టేసింది. కారణం సులువే. పాత పద్ధతిలో స్టేజీ నుంచి మిక్సరు దాకా తొడంత లావు రాగి కేబులు లాగాలి. ఇప్పుడు సన్నటి వైరు ఒకటి చాలు. నిన్న భీమవరంలో పెట్టుకున్న సెట్టింగులన్నీ ఇవాళ తణుకులో ఒక్క మీట నొక్కితే తిరిగొస్తాయి. మోసే కూలీ తగ్గింది, వ్యానులో చోటు మిగిలింది. అందుకే పాత లైవ్ కన్సోళ్ల ధరలు పడిపోయాయి. పేరున్న పాత స్టూడియో కన్సోళ్ల ధరలేమో ఆకాశాన్నంటాయి. చవగ్గా దొరికేది చాలావరకు ఎందుకు చవగ్గా దొరుకుతుందో అర్థమైందిగా?

కొనే ముందు చేయాల్సిన పరీక్షలు

సరే, ఎవరేం చెప్పినా పాతదే కావాలంటారా? పెళ్లిచూపులకి వెళ్లినట్టు అలంకారం చూసి వచ్చేయకండి. ఒక మైకు, ఒక హెడ్‌ఫోను, కాగితం, కలం పట్టుకుని వెళ్లండి. రోజంతా తీరిక చేసుకోండి.

మొదట పవర్ సప్లై. కన్సోల్‌కి గుండెకాయ అది. వేరే పెట్టెలో ఉంటుంది. అసలుదేనా, మార్చిందా అడగండి. అమెరికా సరుకైతే 117 వోల్టులది కావచ్చు. మన ఇళ్లలో 230 వోల్టులు. చూసుకోకుండా ప్లగ్గు పెడితే ఒక్క క్షణంలో పొగ! ఆన్ చేసి కనీసం మూడు గంటలు ఉంచండి. చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా పలికి, వేడెక్కాక మొరాయించే ఛానెళ్లు ఉంటాయి. అమ్మేవాడు తొందరపెడితే అనుమానించండి.

తర్వాత ప్రతి ఛానెల్‌నీ మైకుతో పరీక్షించండి. 32 ఉంటే 32నీ. నాలుగు చూసి మిగతావి కూడా ఇంతేలే అనుకోవద్దు. ప్రతి నాబూ తిప్పండి, ప్రతి మీటా జరపండి. కరకరమంటోందా? అది కేవలం దుమ్మయితే శుభ్రం చేస్తే పోతుంది, అరిగిపోయి ఉంటే మార్చాలి. ఆ సైజు నాబు ఇవాళ దొరుకుతుందా? కండెన్సర్ మైకులకి కావలసిన 48 వోల్టులు ప్రతి ఛానెల్‌లో వస్తున్నాయా? మీటరు పెట్టి చూడండి.

ఇక నిశ్శబ్దం పరీక్ష. మైకులన్నీ పీకేసి, ఫేడర్లన్నీ పైకి తోసి, హెడ్‌ఫోను పెట్టుకుని వినండి. సన్నగా 'ఉస్స్' మంటే పరవాలేదు, ఎనలాగ్ అన్నాక అది సహజం. 'గుయ్య్' మని భ్రమరంలా మోగితే ఎర్తింగ్ లోపమో, పవర్ సప్లైలో కండెన్సర్లు ఎండిపోవడమో అయి ఉంటుంది.

మూత విప్పించి లోపల చూడండి. పేరున్న కన్సోళ్లలో ఛానెల్ ముక్కల్ని పీకి ఒక్కొక్కటీ విడిగా అమ్ముకోవడం మామూలు. మొత్తం కంటే ముక్కలకే ఎక్కువ ధర పలుకుతుంది మరి! పైన అదే రేకు ఉండి లోపల అసలు ట్రాన్స్‌ఫార్మరు మాయమై ఉండొచ్చు. సముద్రపు గాలి తగిలిన ఊళ్లో ఉన్నదైతే కనెక్టర్లకి పచ్చటి చిలుము పడుతుంది. ఎలకలు కొరికిన వైర్ల సంగతి సరేసరి.

సర్క్యూట్ డయాగ్రం ఉందా? ఇది అడగడం మరవకండి. పటం లేకుండా ఎంత మొనగాడైన మెకానిక్కయినా చీకట్లో తడుముకోవాల్సిందే. అదనపు ఛానెల్ ఒకటో రెండో స్పేరుగా ఇస్తే ఇంకా మంచిది. ఒకటి చెడితే అది పెట్టి పని నడుపుకోవచ్చు.

చివరగా ఒక మాట. టేపు పెట్టి కొలవండి! కన్సోల్ మీ మేడమెట్ల మలుపు తిరుగుతుందా? గుమ్మంలో పడుతుందా? మీ మేడ స్లాబు ఆ బరువు మోస్తుందా? నవ్వకండి, కన్సోల్ దింపాక గోడ పగలగొట్టించుకున్నవాళ్లున్నారు.

అసలు ఖర్చు కొన్న తర్వాతే

ఇప్పుడు నేను మొదట చెప్పిన మాటకి వస్తున్నాను. రేడియో మెకానిక్కులు కండెన్సర్లు అంటారే, చిన్న చిన్న డబ్బాల్లా ఉండేవి, వాటిలో ఎలెక్ట్రోలైటిక్ రకానికి ఆయువు ఉంటుంది. లోపలి ద్రవం మెల్లగా ఎండిపోతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయువు సుమారు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్‌వాళ్ల లెక్క. మన ఎండల్లో, ఏసీ లేని గదిలో ఏమవుతుందో ఊహించుకోండి. 1970లనాటి కన్సోల్‌లో అవి ఒక్కసారి కూడా మార్చకపోతే అన్నీ మార్చాలనే అనుకోవాలి.

ఛానెల్‌కి 20 అనుకోండి. 32 ఛానెళ్లకి 640. ఒక్కోటి విప్పి, కొత్తది పెట్టి, టంకం వేయడానికి అయిదు నిమిషాలనుకున్నా 3,200 నిమిషాలు, అంటే 53 గంటల పని. అది కూడా చెయ్యి తిరిగినవాడికి. చెయ్యి తిరగనివాడైతే పాత బోర్డు మీద రాగి పొర ఊడొస్తుంది, ఉన్నదీ పోతుంది. కండెన్సరు ధర రూపాయల్లోనే. ఆ మనిషి రోజుకూలీ, అతను మీ ఊరికి వచ్చి ఉండే ఖర్చు, ఈలోగా మీ గదిలో ఆగిపోయిన పని... లెక్కంతా అక్కడుంది.

కరెంటు బిల్లు మరో తమాషా. పెద్ద స్టూడియో కన్సోళ్లు కిలోవాట్ల లెక్కన కరెంటు తాగుతాయి. ఆ తాగిందంతా వేడిగా కక్కుతాయి. ఆ వేడిని చల్లార్చడానికి ఏసీ. ఆ ఏసీకి మళ్లీ కరెంటు!

సినిమా పనిలో ఇంకో చిక్కుంది. పాట మిక్సింగ్ అయిపోయింది. మూడు వారాల తర్వాత డైరెక్టరుగారు ఫోను చేసి, "రెండో చరణంలో ఫ్లూట్ కాస్త తగ్గించండి" అంటారు. కంప్యూటరులో అయితే ఫైలు తెరిచి అరనిమిషంలో తగ్గిస్తారు. ఎనలాగ్ కన్సోల్ మీద అయితే ఈలోగా ఇంకో మూడు పాటలు చేసి ఉంటారు, నాబులన్నీ కదిలిపోయి ఉంటాయి. అప్పుడు రాసిపెట్టుకున్న కాగితాలో, ఫొటోలో చూసి వందల నాబుల్ని మళ్లీ పాత చోటికి తిప్పాలి. 1980లలో సాలిడ్ స్టేట్ లాజిక్ వాళ్లు నాబులు ఎక్కడెక్కడ ఉండేవో కంప్యూటరు తెర మీద చూపించే ఏర్పాటు చేశారు. గొప్పే! కానీ తిప్పాల్సింది మాత్రం మనిషి చెయ్యే.

మరయితే ఎవరూ కొనకూడదా?

అలా అంటే అన్యాయం చేసినవాణ్ణవుతాను. పాత కన్సోల్‌లో నిజమైన సుఖాలున్నాయి. గాయనికి తన గొంతు హెడ్‌ఫోనులో రవ్వంత కూడా ఆలస్యం లేకుండా వినిపిస్తుంది. కంప్యూటరు గుండా వెళ్లివస్తే కొద్దో గొప్పో ఆలస్యం తప్పదు, కొందరికి అది పాటనే చెడగొడుతుంది. పది వేళ్లతో పది ఫేడర్లని ఒకేసారి కదిపే హాయి మౌసు పట్టుకున్న ఒంటి చేతికి ఉండదు. అన్నింటికంటే మించి, శబ్దం ఎక్కడ పుట్టి ఎటు పోతోందో కళ్లెదుట కనిపిస్తుంది. దాని మీద ఓనమాలు దిద్దినవాడు ఏ మిక్సరు ముందు కూర్చున్నా తడబడడు.

అందుకని నా లెక్క ఇది. ఒకటి, పది మంది కలిసి వాయించే రికార్డింగు మీకు వారం వారం ఉండాలి. ఒక్కొక్కరే వచ్చి పాడిపోయే గదికి 32 ప్రీయాంపులు ఎందుకు? ఒకేసారి వాడేది రెండేగా! రెండు, దాన్ని కదల్చకుండా ఉంచే చల్లటి గది ఉండాలి. మూడు, పిలిస్తే పలికే మెకానిక్కు ఉండాలి, లేదా టంకం కాయ పట్టడం మీకే రావాలి. మూడూ ఉంటే శుభస్య శీఘ్రం. ఒక్కటి లేకపోయినా ఆగండి.

తమ్ముడూ, ఇప్పుడు నీకు నేరుగా చెబుతున్నాను. నీకున్నవి రెండు పనులు, రెండింటికీ రెండు వేర్వేరు సాధనాలు కావాలి. అన్నం పెడుతున్నది ఆర్కెస్ట్రా కాబట్టి దానికి తేలికైన డిజిటల్ మిక్సరు ఒకటి చూసుకో. మేడమీద గదికి మంచి ప్రీయాంపులు రెండు ఛానెళ్లు చాలు. ఆ 1073 సర్క్యూట్‌నే ఇప్పటికీ కొత్తగా తయారు చేసి, చిన్న పెట్టెల్లో అమ్ముతున్నారు. గొంతుకి కావలసిన ఒళ్లు అందులోనే వస్తుంది. ఎనలాగ్ చేతికి అలవాటు కావాలంటే 16 ఛానెళ్ల చిన్న పాత మిక్సరు ఒకటి తక్కువలో కొని, విప్పు, తుడువు, కండెన్సర్లు మార్చు, మళ్లీ బిగించు. అది తిరిగి పలికిన రోజు నువ్వే మెకానిక్కువి. అప్పుడు పెద్ద కన్సోల్ గురించి నాకు మళ్లీ ఉత్తరం రాయి, నా జవాబు వేరుగా ఉంటుంది.

మిగిలిన డబ్బు నాన్నగారి పేరునే బ్యాంకులో ఉండనీ. ఆయన ఇస్తానన్నది నీ మీద నమ్మకంతో, 1970లనాటి ట్రాన్స్‌ఫార్మర్ల మీద నమ్మకంతో కాదు. కొంత ఖర్చు పెట్టాలనే ఉంటే గది గోడలకి పెట్టు, మంచి మైకుకి పెట్టు, నీ గాయనికి నాలుగు రోజులు అదనంగా రిహార్సల్ పెట్టు. వినేవాడికి ముందు చెవిన పడేవి అవే.

అదండీ సంగతి. మైకు మాట వచ్చింది కాబట్టి, వచ్చేవారం మైకుల కథే చెప్పుకుందాం. గాయకుడి నోటికీ మైకుకీ మధ్య ఎన్ని అంగుళాలుండాలి, ఒక్కో అంగుళానికీ గొంతు ఎలా మారుతుంది అన్న సంగతులతో కలుస్తాను. హీరోయిన్ల ఊర్లు అడిగినవాళ్లకి కూడా జవాబులుంటాయి, కోపగించుకోకండి. అంతవరకూ సెలవు!